సిస్టర్ల బడి బ్యాండు

"ఆడపిల్లలు డోళ్లు కొట్టుకుంట ముంగట నడుస్తరు, ఎనక మా పిల్లగాడు కారుల కూసోని రావాల్నా? ఎవనికి పుట్టింది జంగయ్యా ఈ తెలివి?"

"నాగప్ప బావా, జర మెల్లగ. మాట ఇచ్చినం మేము."

"మాట ఇచ్చినోళ్లు వాపస్ తీస్కోర్రి. మా డీజే బండి పొద్దుగాల్నే కడిగి, పూలు గట్టి పెట్టినం. ముంగట అదే పోతది."

"డీజే ఎనక పెట్టుకోర్రి, ఎవరొద్దన్నరు?"

"ఎనక పెడ్తె అది డీజే ఎట్లయితది?"

బిజినేపల్లి బస్టాండు ఎదురుగా ఉన్న గోపాల్ సెలూన్‌లో రెండే కుర్చీలు. ఒక కుర్చీలో నాగప్ప, గద్వాల మనిషి, ఆ రోజు పెళ్లికొడుకైన బిజినేపల్లి కుర్రాడికి మేనమామ. గోడవారన బల్ల మీద జంగయ్య, పెళ్లికూతురికి బాబాయి. మగపెళ్లివారిని దగ్గరుండి తోలుకుపోవడానికి ఆడపిల్లవాళ్లు ఒక మనిషిని పంపడం అక్కడి ఆనవాయితీ. అలా శ్రీరంగాపూర్ నుంచి వచ్చాడు. రెండో కుర్చీలో, ముఖం నిండా సబ్బు నురగతో, మెడ చుట్టూ తెల్లగుడ్డతో, వాళ్లకు ఏమీ కాని మనిషి ఒకడున్నాడు. పేరు తిరుపతయ్య. పక్క ఊరి రైతు. వాళ్లు తిడుతున్న బ్యాండు ఆయన కూతురిది.

ఆ సంగతి సెలూన్లో ఎవరికీ తెలియదు. కత్తి పట్టుకున్న గోపాల్‌కు కూడా తెలియదు.

"మేం పెట్టింది గాదు బావా," అన్నాడు జంగయ్య. "పిల్ల పట్టు పట్టింది. మా తేజస్విని వనపర్తిల సిస్టర్ల బడిలనే సదివింది. ఆ బ్యాండు పోరీలు గూడ ఆడ సదివినోళ్లే. మా బడి అక్కోళ్లు ఎదురుకోళ్లకు రాకుంటె నేను పీటల మీద కూసోను అంటున్నది."

"హౌదా?" అన్నాడు నాగప్ప. కర్ణాటక సరిహద్దు మనిషి కనక, అవునా అనే ఆ కన్నడ మాట ఆయన నోట్లో ఎప్పుడూ నానుతుంటుంది. "ఆ బడిల సదివినోళ్లు నర్సులైతరు, టీచర్లయితరు. మా తమ్ముని బిడ్డ గాడనే సదివి పోలీసయ్యింది. పదేండ్లు సిస్టర్లు ఇంగ్లీషు నేర్పింది డోలు కొట్టనీకేనా? ఆ బ్యాండు పెట్టిన పిల్ల నాయిన ఎవడో గని, బిడ్డను బజాట్ల నడిపిచ్చుకుంట వాడు ఇంట్ల ఎట్ల తింటుండో."

గోపాల్ కత్తి తిరుపతయ్య గదమ కింద ఉంది. కదలడానికి లేదు. కదలడానికి ఉన్నా కదిలేవాడు కాడేమో.

"ఆఖరు మాట చెప్తున్న," అన్నాడు నాగప్ప లేచి గుడ్డ దులుపుకుంటూ. "పొలిమేర కాడ డీజే ముంగటుంటె దిగుతం. ఆ పోరీలు ముంగటుంటె కారు తలుపు తియ్యం. మీ ఇష్టం."

ఎదురుకోళ్లంటే తెలిసినవాళ్లకు ఈ బెదిరింపు బరువు తెలుస్తుంది. మగపెళ్లివారు ఊరి పొలిమేర దగ్గర ఆగుతారు. ఆడపెళ్లివారు మేళంతో, పానకంతో ఎదురువెళ్లి, దండలు వేసి లోపలికి తోలుకొస్తారు. పొలిమేర దగ్గర కారు తలుపు తెరుచుకోకపోతే పెళ్లి జరిగినా ఆ మచ్చ పోదు. అందరూ కలిసి ఆ మచ్చను ఎవరి నెత్తిన రుద్దుతారంటే మేళం నెత్తిన. ఇక ఆ బ్యాండును పెళ్లికి కాదు కదా, గణపతి నిమజ్జనానికి కూడా ఎవరూ పిలవరు.

తిరుపతయ్య మొహం కడుక్కుని బయటికి వచ్చి కూతురికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. మేళం ఉన్న రోజు సుహాసిని అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసి మూతి కడుతుంది. హాస్టల్లో సిస్టర్లు పెట్టిన నియమం అది. బడి వదిలి ఏళ్లయినా అది ఆమెను వదల్లేదు. ఆయన వనపర్తి బస్సెక్కాడు.

తిరుపతయ్య పిరికివాడు కాడు. చెక్కభజనలో చుట్టుపక్కల ఊళ్లకు గురువు. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని దిగితే పాతికేళ్ల కుర్రాళ్లు ఆయాసంతో పక్కకు తప్పుకుంటారు. నురగ మాటున జంగయ్యకు మనిషి గుర్తుకు రాకపోవచ్చు కానీ, శ్రీరంగాపూర్ తిరునాళ్లలో ఆయన అడుగు చూడని మనిషి ఉండడు. కరెంటాఫీసులో బల్ల గుద్ది మాట్లాడినవాడు. బిడ్డ సంగతి వచ్చేసరికి మాత్రం నాలుక వెనక్కి పోతుంది. ఊళ్లో ఎవరైనా "మీ సుహాసిని ఏం జేస్తున్నది తిరుపతన్నా" అంటే, "వనపర్తిల జాబు" అంటాడు. అబద్ధం కాదు. నిజమూ కాదు.

సుహాసినిని ఆరో తరగతిలో సిస్టర్ల బడిలో వేసినప్పుడు ఆయన పెద్దగా ఆలోచించింది లేదు. "మనం రాముణ్ణి మొక్కెటోళ్లం, వాళ్లు మరియమ్మను మొక్కుతరు" అని భార్య బాలమణి నసిగితే, "ఎవరి దేవుడైతేంది, ఆడ సార్లు రోజు ఒస్తరు" అన్నాడు. అంతే లెక్క. ఆ చుట్టుపక్కల రైతులందరి లెక్కా అదే.

ఇంగ్లీషు ప్రార్థన నోటికి రావడానికి సుహాసినికి ఒక దసరా, ఒక సంక్రాంతి పట్టాయి. ప్రార్థన తర్వాత మోగే డ్రమ్ము దరువు మాత్రం చేరిన పూటే వచ్చేసింది. సెలవులకు ఇంటికొస్తే కట్టెపుల్లలు పట్టుకుని బిందె మీద, పల్లికాయ డబ్బా మీద, పడుకున్న ఎద్దు పక్కన గోడ మీద వాయించేది. "నీ చేతులిరగ, ఇంట్ల ఎవరన్న సచ్చిన్రనుకుంటరే" అని బాలమణి పుల్లలు పొయ్యిలో పెట్టేది. పిల్ల ఇంకో రెండు ఏరుకొచ్చేది.

బడిలో బ్యాండు అంటే తమాషా కాదు. తెల్ల బూట్లు, ఎర్ర నడికట్టు, నెత్తిన కుచ్చు టోపీ. పంద్రాగస్టుకు మైదానంలో ముందు నడిచేది వాళ్లే. డ్రిల్లు నేర్పే సిస్టరమ్మ ఒకటే మాట చెప్పేది. దరువు తప్పితే తప్పింది, కాలు ఆపొద్దు, వెనకున్న వాళ్లంతా నీ కాలు చూసి నడుస్తున్నారు అని. సుహాసిని పదో తరగతికి బ్యాండు లీడరయ్యింది. లెక్కల్లో బొటాబొటి మార్కులు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఆమెను దేవతను చేసినట్టవుతుంది.

తర్వాత నాగర్‌కర్నూల్లో ఇంటరు, డిగ్రీ. తర్వాత సెల్‌ఫోన్ల దుకాణంలో నిలబడే ఉద్యోగం. అక్కడ కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. తర్వాత ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు టీచరు. ఆ బడి వాళ్లు డ్రిల్లు పీరియడ్లో కూడా లెక్కలే చెప్పించేవాళ్లు. విసుగుపుట్టి మానేసింది. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు ఎస్తేరు ఫోన్ చేసింది. ఎస్తేరు సిస్టర్ల హాస్టల్లో ఆయా. ఎంతమంది ఆడపిల్లల తలలకు పేలు తీసిందో ఆమెకే తెలియదు.

"బిడ్డా, బడికి కొత్త డోళ్లొచ్చినయి. పాతయి స్టోర్ల పడేసిన్రు. ఎలుకలు కొరుకుతున్నయే. నువ్వొచ్చి జర సూడు."

సుహాసిని వెళ్లి చూసింది. పెద్ద డోలుకు తోలు చిరిగింది, చిన్నవాటికి తాళ్లు తెగాయి. బాకాలు పచ్చబడ్డాయి. పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్లి, ఇవి నాకిస్తారా అని అడిగింది. ఏం చేస్తావని సిస్టర్ అడిగితే, "పెండ్లిళ్లకు కొడ్త" అంది. సిస్టర్ ఒక షరతు పెట్టింది: ఏటా పంద్రాగస్టుకు ముందు వచ్చి చిన్నపిల్లలకు దరువు నేర్పాలి. ఆ షరతు ఇప్పటివరకూ తప్పలేదు.

మనుషులు ఎక్కడి నుంచి వచ్చారంటే, అదే బడి నుంచి. గద్వాలలో మగ్గం మీద కూర్చునే సుష్మితకు పెద్ద డోలు. ఆమె పద్మశాలీల పిల్ల. రోజంతా మగ్గం తొక్కే కాలుకు దరువు వేరే నేర్పాల్సిన పని లేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు ఒకామె బాకా ఊదుతుంది. కొత్తకోటలో బట్టలు కుట్టే అమ్మాయి తాళాలు. బ్యాంకులో కొత్త ఖాతాలు రాయించే అమ్మాయి, అంగన్‌వాడీ టీచరు, పెళ్లయి చంకన పిల్లతో వచ్చే ఒకామె. వారంలో ఎవరి పని వాళ్లది. లగ్గాలున్న రోజు తెల్ల బూట్లు.

ప్రయాణాలు ఆర్టీసీ బస్సులోనే. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. ఒకసారి కండక్టరు పెద్ద డోలును చూసి, "అమ్మా, మీకు జీరో టికెట్టే. దీనికి ఆధార్ కార్డు ఏది?" అన్నాడు. "గది మగది గాదన్నా, కావాల్నంటె తట్టి సూడు" అంది సుష్మిత. బస్సంతా నవ్వింది. కండక్టరు డోలు పక్కన కూర్చుని వనపర్తి దాకా దాని మీద వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు.

తొలి పెళ్లి కొల్లాపూర్‌లో. మామిడి కోతల కాలం. ఆ పెళ్లిలో వాళ్లు చేసిన తప్పు సిస్టర్ల బడిలో చదివినవాళ్లు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చేయలేరు.

ఊరేగింపు దూరం చాలా ఎక్కువ. వీళ్లకు వచ్చిన పాటలు చాలా తక్కువ. మార్చింగ్ పాటలు అయిపోయాయి, దేశభక్తి పాట అయిపోయింది, మరియమ్మ పండుగ పాట కూడా అయిపోయింది. పెళ్లివారి ఇల్లు ఇంకా కనబడటం లేదు. సుహాసిని వెనక్కి తిరిగి, "నెమ్మదిది ఎత్తుకోండ్రి" అని సైగ చేసింది. బడిలో నేర్చిన ఒక నెమ్మది పాట ఉంది. మెత్తగా, తీయగా సాగుతుంది. కారు పక్కన నడిచే ముసలివాళ్లకు కూడా నడక కుదిరింది. "అబ్బ, గిదీ పాటంటె" అన్నారు ఎవరో.

అమ్మాయిలకు తోడుగా వచ్చిన ఎస్తేరు అప్పటిదాకా వెనక ఎవరితోనో మామిడిపండ్ల గురించి మాట్లాడుతోంది. పాట చెవిన పడగానే చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఓ పిల్లలో, ఆపుండ్రే. అది పెద్ద ఫాదర్‌ను మట్టి చేసిననాటి పాటనే."

నిజమే. బడి ఆవరణలో ఉండే ముసలి ఫాదర్ పోయినప్పుడు సమాధుల దొడ్డి దాకా బ్యాండు ఆ పాటతోనే నడిచింది. అప్పుడు వీళ్లు ఏడో తరగతి. పాట గుర్తుంది, ఎందుకు నేర్చారో మరిచిపోయారు.

తెలిసింది ఎస్తేరు ఒక్కదానికే. ఊరంతా పాట బాగుందంటోంది. ఊరుకుంటే సరిపోయేది. కానీ సుహాసిని రెండు పుల్లలూ పైకెత్తింది. కాలు ఆపొద్దన్న బడిలో చదివిన పిల్ల, నడిబజార్లో కాలు ఆపింది.

"ఎందుకాపిన్రు? మంచిగుండె గద," అన్నాడు పెళ్లికూతురి తాత.

"తాతా, అది సావు పాట. తెల్వక ఎత్తుకున్నం. తప్పు మాది. బతికినోళ్లకు అది కొట్టను."

అప్పుడు చూడాలి. పెళ్లికూతురి నాయనమ్మ అపశకునమని నెత్తీ నోరూ కొట్టుకుంది. సుష్మిత డోలు వెనక దాక్కుంది. బాకాలన్నీ కిందికి దిగిపోయాయి. సుహాసిని మాత్రం, "పాటలు ఒద్దు. ఇంటి దాక ఉత్త డోళ్లతోటి తోలుకపోతం" అని తన చిన్న డ్రమ్ము మీద ఒక దరువు ఎత్తుకుంది. మొదట నిదానంగా రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. తర్వాత వేగం. ఇంకా వేగం. కారు దగ్గరి కుర్రాళ్లు సెల్‌ఫోన్లు పైకెత్తారు.

ఆ ఇంట్లో వాళ్లను భోజనానికి ఎవరూ పిలవలేదు. బస్టాండులో ఎస్తేరు అరటిపండ్లు కొనిపెట్టింది. కానీ ఆ వీడియో సుహాసిని కంటే ముందు పాలమూరు అంతా తిరిగింది.

తిరిగి తిరిగి తిరుపతయ్య ఫోన్లోకీ వచ్చింది. కూతురు అప్పటికే ఇంట్లో చెప్పింది, బ్యాండు పెట్టినా నాయినా అని. ఆయన అడిగింది ఒకటే: "ఊర్ల ఎవరికన్న చెప్పినవా?" లేదంటే సరే అన్నాడు. ఇప్పుడు బోరు మోటారు గది దగ్గర కూర్చుని, సౌండు బాగా తగ్గించి, వీడియో పెట్టాడు. దరువు దగ్గర ఆపి, మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఆ దరువు ఆయనదే. చెక్కభజనలో రాముడి రథం కదిలేటప్పుడు ఆయన వేసే అడుగు. రెండు ముందుకు, ఒకటి వెనక్కి. చిన్నప్పుడు భజన దగ్గర తన ఒళ్లో నిద్రపోయిందనుకున్న పిల్ల నిద్రపోలేదన్నమాట.

రోజూ చూసేవాడు. ఒకరోజు వెనక నుంచి బాలమణి గొంతు వినబడింది. "సౌండు పెంచు. నేను గూడ ఇంట."

"ఎవరన్న ఇంటరే."

"ఇననీ. దొంగతనం జేస్తుందా మన పిల్ల?"

మొన్న జనవరిలో బడిలో పాత విద్యార్థుల పండుగ జరిగింది. తల్లిదండ్రుల్ని కూడా రమ్మన్నారు. అక్కడో పద్ధతి ఉంది. ఒక్కొక్కరు మైకు దగ్గరికొచ్చి పేరు, చదివిన ఏడాది, ఇప్పుడు చేస్తున్న పని చెప్పాలి. ఒకడు బెంగళూరులో కంపెనీ అన్నాడు. ఒకామె ఎస్సై అంది. ఒకడు మందుల దుకాణం. ఒకామె నర్సు. ఒకామె టైలరింగ్ అని నేల చూసింది. సుహాసిని వంతు వచ్చింది.

"సుహాసిని. బ్యాండు కొడ్త."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్ద సిస్టర్ కుర్చీలోంచి లేవకుండానే, "ఆ బ్యాండులో ఉన్నవాళ్లంతా ఒక్కసారి లేవండమ్మా" అంది. ఇందాక నర్సు అన్నామె లేచింది. టైలరింగ్ అన్నామె లేచింది. బ్యాంకు పిల్ల, అంగన్‌వాడీ టీచరు, చంకలో పిల్లతో ఇంకొకామె. ఏ వరసలో చూసినా ఒకతి నిలబడి ఉంది. కిసుక్కుమన్నవాడు తన పక్కనే లేచి నిలబడిన అమ్మాయిని చూసి గమ్మున కూర్చున్నాడు. బాలమణి మోచేత్తో తిరుపతయ్య డొక్కలో పొడిచింది. ఆయన నిలబడినవాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు.

అయినా ఊరికి వచ్చాక, "జాబు" అనే అన్నాడు. వనపర్తి వేరు, ఊరు వేరు. ఆ పొద్దున సెలూన్లో ఉన్నది కూడా ఊరే.

శ్రీరంగాపూర్‌లో రెండో బస్సు దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. పొలిమేర దగ్గర, ఎరువుల దుకాణం రేకుల నీడలో, అమ్మాయిలు వరసగా నిలబడి ఉన్నారు. ఎస్తేరు నోట్లో పిన్నీసులు పెట్టుకుని ఒకరి నడికట్టు సరిచేస్తోంది. సుహాసిని తండ్రిని చూసి ముందుకు వచ్చింది.

"ఏంది నాయినా, గిట్లొచ్చినవు? అమ్మ మంచిగుందా?"

"అమ్మ మంచిగనే ఉంది. నీకు ఫోన్ గలుస్తలేదు." తిరుపతయ్య సెలూన్లో విన్నదంతా చెప్పాడు. నాగప్ప తననన్న మాట ఒకటి మింగేశాడు.

"తెలుసు నాయినా. జంగయ్య మామ పెండ్లోళ్లకంటె ముంగటనే బండేసుకొని ఒచ్చి చేతులు పట్టుకున్నడు. మీరు పక్కకు జరుగుతరా బిడ్డా అని అడుగుతుండు. పాపం, చెమట్లు గారుతున్నయి మనిషికి."

"మరి జరుగుర్రి. పా, ఇంటికి పోదాం. గింత మాట పడి కొట్టుడు ఎందుకు?"

"లోపల తేజస్విని పీటల మీద కూసోనని పట్టు పట్టింది. మేము పోతె ఆ పిల్ల మాట పోతది. మల్ల రేపటి సంది ఎవరన్న మమ్ములను పిలుస్తరా? డీజే బండిని చూసి ఉరికినోళ్లు అంటరు."

తిరుపతయ్య బస్సు వచ్చిన దారి వైపు తిరిగాడు.

"సెలూన్ల నువ్వేమన్నవు నాయినా?"

"ఏమనలే."

సుష్మిత పెద్ద డోలు బెల్టు బిగించుకుంటున్నట్టు తల పక్కకు తిప్పుకుంది. సుహాసిని తండ్రి మొహం కేసి చూసింది. ఎడమ చెవి కింద ఎండిన నురగ ఇంకా కొద్దిగా అంటుకునే ఉంది. వేలితో దాన్ని తుడిచేసింది.

"మూతి నిండ సబ్బు ఉంటె ఏమంటవు లే," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

అంతలో దూరం నుంచి డీజే బండి దడదడ వినబడింది. నేల అదిరింది. రేకులు గజగజలాడాయి. దాని వెనక పూలు కట్టిన కారు, దాని వెనక జీపులు. ఆడపెళ్లివారు పానకం బిందె, దండలు పట్టుకుని ఎదురువెళ్లారు. బండ్లు ఆగాయి. కారు తలుపు తెరుచుకోలేదు.

అందరూ అలా ఎండలో నిలబడ్డారు. పానకం బిందె మోస్తున్నామె చేయి మార్చుకుంది. జంగయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెళ్లికొడుకు కారులోంచి ఏమీ పట్టనట్టు ఎటో చూస్తున్నాడు. పెళ్లికొడుకులు ఎక్కడైనా అంతే.

సుహాసిని ఒక్కతే నడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్లింది. డీజే కుర్రాడి వైపు తిరిగి, "తమ్మీ, జర తగ్గించు, పెద్దమనిషితోటి మాట్లాడాలె" అంది. వాడు తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో వాడికే తెలియదు. బహుశా ఎవరైనా తమ్మీ అని పిలిచి చాలా రోజులై ఉంటుంది. కారు ముందు సీట్లో ఉన్న నాగప్ప అద్దం సగం దించాడు.

"మామా, దండం. మేము సిస్టర్ల బడి బ్యాండోళ్లం."

"తెలుసు. చెప్పి పంపిన గద."

"ఒక్క దరువు కొడ్తం. పాట గూడ గాదు, ఒక్క దరువు. మీరు కారు దిగొద్దు, ఆడనే కూసోని ఇనుర్రి. మీ మనసుకు పట్టకుంటె మేమే బండి ఎనకకు పోతం, మీ డీజే ముంగట పోనీ. మేము మొకం గూడ చిన్నగ చేసుకోం."

వెనక జీపులోంచి మగపెళ్లివారి ముసలామె ఒకతి తల బయటపెట్టింది. "ఒక్కటి కొట్టనియ్యరాదురా నాగప్పా. ఎండకు పానం పోతున్నది. దానితోనన్న మొదలైతది."

నాగప్ప అద్దం పూర్తిగా దించాడు. అమ్మాయిని కింద నుంచి పైదాకా చూశాడు. తెల్ల బూట్లు, ఎర్ర నడికట్టు, కుచ్చు టోపీ. చెమట పట్టిన మొహంలో భయమైతే లేదు.

"హౌదా. గింత ధైర్యం ఎవరు నేర్పిన్రే నీకు? ఎవరి బిడ్డవు నువ్వు?"

ఈ మాట రేకుల నీడ దాకా వినబడింది. తిరుపతయ్య కాళ్లు వాటంతట అవే కదిలాయి. పానకం బిందె పక్క నుంచి, జంగయ్యను దాటుకుని, నేరుగా కారు వైపు నడిచాడు. జంగయ్య ఆయన్ని ఇప్పుడు నిదానంగా చూసి నోరు తెరిచాడు. "అరె, చెక్కభజన తిరుపతన్న గద" అని గొణిగాడు. తిరుపతయ్య వినిపించుకోలేదు. పొద్దున మింగిన మాటలన్నీ గొంతు దాకా వచ్చి ఉన్నాయి. నా బిడ్డ అని చెప్పాలి. ఆ తినే మనిషిని నేనే అని చెప్పాలి. కారులోవాళ్లకూ, ఊరికీ, గోపాల్ సెలూన్‌కూ, అందరికీ వినబడేలా చెప్పాలి. ఇన్నేళ్లలో తొలిసారి ఆయనకు నాలుక వెనక్కి పోవడం లేదు.

సుహాసిని వెనక్కి తిరిగి చూసింది. ఆ నడక ఎందుకో ఆమెకు తెలిసిపోయింది. నాగప్పకు జవాబు చెప్పకుండానే, గబగబా తండ్రికి ఎదురువచ్చి, కారుకు అడ్డంగా నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయో ఎండ ఉందో ఆయనకు అర్థం కాలేదు. ఇద్దరికే వినబడేంత గొంతుతో అంది:

"నాయినా, నీకు దండం పెడ్త, ఇప్పుడే చెప్పకు. చెక్కభజన తిరుపతయ్య బిడ్డ అని తెలిస్తె నీ మొకం జూసి ఊకుంటరు, నా డోలు ఇనరు. ముందు ఇననీ. కొట్టుడైనంక ఆయనే మల్ల అడుగుతడు ఎవరి బిడ్డవని. అప్పుడు చెప్పు. గట్టిగ చెప్పు."